రంగులద్దుకొనుట వేరు – రంగు మార్చుకొనుట వేరు

అలంకారప్రియత్వం మానవునికి సహజమైన గుణం. లిపి పుట్టక పూర్వమే, పంట పండించడం నేర్వక పూర్వమే, మనిషి ఎర్రమన్ను నూరి రంగుగా వాడుకొన్నాడని పురాతత్త్వ శాస్త్రం చెబుతున్నది. అట్టి గుణాన్ని గురించి కళాశాల వార్షిక సంచికలో వ్రాయడమేమిటని కొందరు పెద్దలు ఆశ్చర్యపడవచ్చును. పరీక్షలు, ఉద్యోగాలు, సమాజసేవ వంటి గంభీర విషయాలుండగా కాటుకను గురించీ, పెదవి రంగును గురించీ చర్చ ఎందుకని అడుగవచ్చును. ఈ విషయంలో మన విద్యార్థినుల ఆరోగ్యమూ, ఆత్మగౌరవమూ రెండూ ఇమిడి ఉన్నవి గనుకనే మేము కలం పట్టవలసి వచ్చినది.

మా అభిప్రాయాన్ని ముందుగానే స్పష్టం చేయుచున్నాము. నిత్యజీవితంలో రంగులతో అలంకరించుకొనడం దోషం కాదు. కంటికి నీలిరేఖ దిద్దుకొన్న విద్యార్థిని చదువులో వెనుకబడుతుందన్న మాటకు ఆధారం లేదు. అయితే చర్మం మీద రంగు అద్దుకొనడం వేరు, చర్మపు రంగునే మార్చుకొనాలని ప్రయత్నించడం వేరు. మొదటిది సరదా, రెండవది ప్రమాదం. దురదృష్టవశాత్తు మన సమాజం మొదటిదానిని మందలిస్తూ, రెండవదానిని మౌనంగా ప్రోత్సహిస్తున్నది. పెదవికి కాస్త ఎరుపు కనిపిస్తే "చదువు మీద ధ్యాస లేదు" అంటారు; అదే అమ్మాయి ముఖం తెల్లబడాలని ఏదో లేపనం పూసుకొంటే "పెళ్లి కావలసిన పిల్ల, పూసుకొననివ్వండి" అంటారు. ఈ తలక్రిందుల న్యాయాన్ని ప్రశ్నించడమే మా ఉద్దేశం.

రంగుల అలంకరణ మనకు నిన్న మొన్న వచ్చినది కాదు. గోరింటాకు అన్నా, మెహందీ అన్నా, హినా అన్నా అది ఒకే మొక్క. ఆషాఢమాసంలోనూ, అట్లతద్దికీ తెలుగు ఇండ్లలో రోట్లో నూరిన ఆకు, చాంద్‌రాత్ నాడు ముస్లిం ఇండ్లలో అరచేతుల మీద తీగలై పారుతుంది. కాటుక, సుర్మా అక్కచెల్లెండ్ర వంటివి. పసుపులో సున్నపు క్షారం తగిలితే ఎర్రని కుంకుమ రంగు వస్తుందని మన అమ్మమ్మలకు తెలుసు; రసాయన శాస్త్రం ప్రయోగశాలకు చేరక ముందే అది మన వంటింట ఉన్నది. ఉర్దూ సాహిత్యంలో సోలహ్ సింగార్ అన్నా, తెలుగు కావ్యాలలో షోడశ శృంగారాలన్నా అర్థం ఒకటే. పురుషులు సైతం ఇందుకు మినహాయింపు కారు. పండుగనాడు కంట సుర్మా, చెవిలో అత్తరు దూది పెట్టుకొని నమాజుకు వెళ్లే పెద్దలను ఎవరూ ఆడంబరపరులని అనరు గదా!

చార్మినారు పక్కనున్న లాడ్ బజారును చూడండి. లక్కను నిప్పు సెగన మెత్తజేసి, గుండ్రంగా చుట్టి, అద్దపు తునకలూ రంగురాళ్లూ పొదిగి గాజులు చేసే పనితనం అక్కడి కుటుంబాల జీవనాధారం. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. దానికి మూడేండ్ల ముందు, 2021లో, రాజస్థాన్‌లోని సోజత్ మెహందీకి అటువంటి గుర్తింపే వచ్చినది. ప్రభుత్వం ముద్రవేసి గౌరవించిన ఈ రంగులను మన విద్యార్థిని చేతికి ధరిస్తే అది సంస్కృతి అవుతున్నది. కనురెప్ప మీద అదే నెమలికంఠపు రంగు కనిపిస్తే అనాచారం అవుతున్నది. ఈ భేదం ఎందుకో మాకు బోధపడదు.

అది పరదేశపు అలవాటు గనుక అని కొందరంటారు. నిజమేనా? పెదవి రంగు కడ్డీని విప్పి చూస్తే అందులో ముఖ్యభాగం మైనమూ, నూనెలూ. ఆ నూనెలలో ప్రధానమైనది ఆముదం. ప్రపంచంలో ఆముదం ఉత్పత్తిలో మన దేశానిదే అగ్రస్థానం. మన పాలమూరు మెట్టభూములలోనూ ఆముదాలు పండుతాయి. కనురెప్పల పొడిలో తళతళ మెరిసేది అభ్రకం. ఒకప్పుడు నెల్లూరు సీమలోని గూడూరు, సైదాపురం గనుల అభ్రకం దేశదేశాలకు వెళ్లినది. ఎర్రని రంగునిచ్చే జాఫ్రా గింజలు మన తూర్పు మన్యంలో కాస్తాయి. ఆ చెట్టును ఆంగ్లేయులు లిప్‌స్టిక్ చెట్టు అనే పిలుస్తారు. ఇక స్వతంత్ర భారతంలో, 1952లో, టాటా వారి నూనెల కంపెనీ లాక్మే అను పేరుతో స్వదేశీ సౌందర్య సాధనాల తయారీ మొదలుపెట్టినది. ఆ పేరు ఒక ఫ్రెంచి సంగీత నాటకంలోని భారతీయ కథానాయికది. మన లక్ష్మి పేరుకే ఫ్రెంచి ఉచ్చారణ. కనుక పెట్టె మీది అక్షరాలు పరాయివిగా తోచినా లోపలి సరుకులో మన నేల పాలు చాలా ఉన్నది.

మా తోటి విద్యార్థినులకు నచ్చిన వస్తువులేమిటి? కొద్దిపాటి ఖర్చుతో ప్రతిదినం రంగుగా కనిపించడమెట్లు? మాకు తోచిన నాలుగు మాటలు చెబుతాము.

మొదటి స్థానం కాటుక పెన్సిలుకే. నల్లనిది ఒకటి, నెమలికంఠపు నీలం లేదా ముదురు ఆకుపచ్చది ఒకటి ఉంటే చాలు. నల్లని కాటుకతో కంటి అంచు దిద్ది, దానిపై సన్నగా నీలిరేఖ గీస్తే మన గోధుమరంగు ముఖాలకు ఎంతో శోభ. మన ఎండలకు కాటుక కరిగి చెంపలమీదికి రాకుండా ఉండాలంటే, రెప్పమీద ముందుగా కొంచెం పౌడరు అద్ది, తరువాత గీయాలి. రాత్రి పడుకొనే ముందు దూది మీద ఒక చుక్క కొబ్బరినూనె వేసి, కన్ను మూసుకొని తుడిస్తే సులభంగా వస్తుంది. ఒకరి కాటుక మరొకరు వాడడం మాత్రం పనికిరాదు. కండ్లకలక అట్లే వ్యాపిస్తుంది. స్నేహానికి పుస్తకం ఇవ్వవచ్చును, కాటుక ఇవ్వరాదు.

రెండవది పెదవి రంగు. లేత గులాబి, పాలరంగు కలిసిన రంగులు మన చామనఛాయ మీద సున్నం కొట్టినట్లు కనిపిస్తాయి. నేరేడుపండు రంగు, ఇటుక రంగు, దానిమ్మ గింజ రంగు, తాంబూలపు ఎరుపు – ఇవి మన ముఖాలకు పుట్టినవి. ఆ కడ్డీనే వేలికొనతో బుగ్గలకు రవ్వంత అద్దితే వేరే డబ్బా కొననక్కరలేదు. రాత్రి చదువు వలన కంటి క్రింద నల్లబడినచోట నారింజరంగు పల్చగా అద్ది, దానిపై పౌడరు వేస్తే నలుపు కనబడదు. నీలిఛాయను నారింజరంగు అణచివేస్తుందన్నది వర్ణశాస్త్రంలోని సూత్రం. చిత్రలేఖనం నేర్చినవారికి తెలిసినదే.

మూడవది మెహందీ, గోళ్లరంగు. ఇస్లాం ఆచారాన్ని పాటించే సోదరీమణులకు ఇక్కడ ఒక సౌకర్యమున్నది. గోళ్లరంగు పొరవలె ఏర్పడి నీరు తగలనీయదు గనుక వజూ చేయుటకు ముందు దానిని తీసివేయవలసి ఉంటుంది. మెహందీ చర్మంలో ఇంకేది గనుక ఆ ఇబ్బంది లేదు. గోళ్లకు సైతం మెహందీ పెట్టుకొనడం అందుకే అనుకూలం. తక్కిన నాజూకు రంగులన్నీ సెలవు దినాలకు ఉంచుకొనవచ్చును.

నాల్గవది గాజులూ, బొట్టు బిళ్లలూ. చీరకో, దుపట్టాకో సరిపోయే రెండు డజన్ల గాజులు ముఖానికి ఏమీ పూయకుండానే మనిషిని వెలిగిస్తాయి. బొట్టుబిళ్లల విషయంలో ఒక హెచ్చరిక: కొన్నింటి జిగురులోని రసాయనం వలన నొసట తెల్లమచ్చ ఏర్పడుతుంది. దురద పుట్టినా, చోటు పాలిపోయినా వెంటనే మానివేయాలి.

ఇంతటితో సరదా భాగం ముగిసినది. ఇక తెలుపు మోహాన్ని గురించి చెప్పక తప్పదు. 1919లో బొంబాయి నగరంలో పాటన్‌వాలా అను వ్యాపారి అఫ్ఘాన్ స్నో అను లేపనాన్ని విడుదల చేశారు. స్వదేశీ పరిశ్రమగా అది గర్వించదగినదే. కాని మన దేశంలో ముఖలేపనానికి మంచు అను పేరు స్థిరపడడం ఆలోచింపదగిన విషయం. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చినది. నల్లని అమ్మాయికి ఉద్యోగం రాదు, సంబంధం కుదరదు. తెల్లబడగానే అన్నీ సమకూరుతాయి – ఈ ఒకే కథను ప్రకటనలు తరతరాలకు చెప్పినవి. 2020లో ఆ కంపెనీ తన లేపనం పేరులోనుంచి "ఫెయిర్" అను మాటను తొలగించి గ్లో అండ్ లవ్లీ అని మార్చినది. పేరు మారినది, పెళ్లిచూపుల గదిలో మనసులు మారినవా? వివాహ ప్రకటనలలో "తెల్లని, అందమైన వధువు కావలెను" అన్న మాట ఇంకను చదువుచునే ఉన్నాము.

ఈ మోహం మనసును మాత్రమే గాయపరచి ఊరుకొనదు. చర్మం నలుపుకు కారణమైన మెలనిన్ తయారీని పాదరసం అడ్డుకొంటుంది. అందుచేత చాటుమాటుగా తయారయ్యే తెలుపు లేపనాలలో పాదరసం కలుపుతారు. అది చర్మం గుండా రక్తంలో చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో వైద్యులు 2021 జూలై నుండి 2023 సెప్టెంబరు వరకు మూత్రపిండాల వడపోత పొర దెబ్బతిన్న 22 మందిని పరీక్షించారు. వారిలో 15 మందికి ఒక ప్రత్యేకమైన రకపు జబ్బు కనిపించినది. ఆ 15 మందిలో 13 మంది చర్మం తెల్లబడే లేపనాలు వాడినవారేనని తేలినది. వారు విషం తిన్నవారు కారు, అందం కోరినవారు. సమాజం కోరిన రంగును తెచ్చుకొనబోయి రోగం తెచ్చుకొన్నారు.

పాదరసంపై అంతర్జాతీయంగా కుదిరిన మినమాటా ఒడంబడిక 2017లో అమలులోకి వచ్చినది. భారతదేశం 2018లో దానిని ధ్రువీకరించినది. మన దేశపు 2020 సౌందర్య సాధనాల నిబంధనలు ముఖలేపనాలలో అనుకోకుండా కలిసే పాదరసం సైతం పది లక్షలలో ఒక భాగానికి మించరాదని శాసిస్తున్నవి. చట్టమున్నది, కాని చిరునామా లేని డబ్బా చట్టానికి దొరకదు. అటులనే స్టీరాయిడ్ కలిసిన లేపనాలు మరొక విపత్తు. చర్మవ్యాధులకు వైద్యుడు కొద్దిరోజులకు వ్రాసే మందును మన పిల్లలు నెలల తరబడి పౌడరు క్రింద పూసుకొంటున్నారు. మొదట ముఖం తేటబడినట్లుంటుంది. తరువాత చర్మం పలుచబడి, ఎండ తగిలితే మండి, మొటిమలు, అవాంఛిత రోమాలు బయలుదేరుతాయి. ఇటువంటి లేపనాలు పలురకాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని కేంద్రప్రభుత్వం 2018లో ఉత్తర్వు చేసినది. కొనేవారు అడగడం మాననంతవరకు అమ్మేవారు మానరు.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే రంగులన్నీ నిర్దోషులు కావు. సుర్మా పేరుతో అమ్మే కొన్ని పొడులలో సీసపు ఖనిజం ఉంటుంది. పాతది, సంప్రదాయమైనది అన్నంత మాత్రాన అది క్షేమకరమని భావించరాదు. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. శిశువుల కండ్లకు సుర్మా గాని, కాటుక గాని పెట్టవద్దని వైద్యులు చెప్పడానికి కారణమిదే. అట్లే "నల్ల మెహందీ". అసలు గోరింటాకు మొదట నారింజగా పండి, ఒకటి రెండు రోజులలో ముదురు ఎరుపుకు తిరుగుతుంది. గంటలో కారునలుపు వస్తున్నదంటే అందులో తలకు వేసే రంగులోని పారాఫినైలిన్ డైఅమీన్ అను రసాయనం కలిపినారని గ్రహించాలి. దానివలన చేతులు పొక్కి పుండ్లుపడిన సందర్భాలు వైద్యశాస్త్రంలో అనేకం నమోదైనవి. అభ్రకపు తళుకు వెనుక మరొక చీకటి ఉన్నది: జార్ఖండ్, బీహారు గనులలో చదువుకోవలసిన పిల్లలు అభ్రకపు రేకులు ఏరుతున్నారు. విద్యార్థులమైన మనము ఆ సంగతి తెలిసికూడా పట్టించుకొనకపోవడం న్యాయం కాదు. తమ అభ్రకం ఎక్కడనుంచి వస్తున్నదో చెప్పగల కంపెనీలనే ఎన్నుకొనడం మన చేతిలోని పని.

మరి ఏది మంచిదో, ఏది చెడ్డదో తెలియుటెట్లు? డబ్బా వెనుక చదవండి. తయారీదారుని పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, ఏ తేదీలోగా వాడాలన్నది, కలిపిన పదార్థాల పట్టిక – ఇవి ఉండాలి. విదేశపు సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషను నంబరుండాలి. ఎర్రరంగులలో కార్మైన్ అన్న మాట కనిపిస్తే అది ఒక రకపు పురుగునుంచి తీసిన రంగు. హలాల్ విషయంలో శ్రద్ధగలవారు, శాకాహారులు ఇరువురూ గమనించవలసినది. "వారంలో తెల్లదనం" అని వ్రాసి, పదార్థాల పట్టిక మాత్రం వ్రాయని డబ్బాను ఊరక ఇచ్చినా పుచ్చుకొనరాదు. ఇందుకు రసాయన శాస్త్రంలో పట్టా అక్కరలేదు. చదవడం వచ్చి, చదవాలన్న బుద్ధి ఉంటే చాలు.

సౌందర్య సాధనాలకు వ్యతిరేకంగా పెద్దలు చెప్పే మాటలలో మేము మన్నించదగినది ఒకటున్నది. ఖర్చు. ఫీజుకే ఇబ్బందిపడే ఇండ్లనుంచి వచ్చే విద్యార్థినులు మన కళాశాలలో అధికం. ఒకరి పెట్టెలోని పది రంగులు మరొకరి మనసులో కొరతగా మారే ప్రమాదం లేకపోలేదు. అందుచేతనే మేము నాలుగు వస్తువులతో సరిపెట్టినాము. ఆ నాలుగింటిలో ఏదీ లేని విద్యార్థినికి లోపమేమీ లేదు. అలంకరించుకొనని స్వేచ్ఛ కూడ అలంకరించుకొనే స్వేచ్ఛతో సమానమైనదే. ముఖానికి ఏమీ పూసుకొనని చెలికత్తెను చిన్నచూపు చూసేవారికి, కాటుక పెట్టుకొన్న అమ్మాయిని నిందించే పెద్దలను విమర్శించే అర్హత లేదు.

కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా మూడు విన్నపాలు చేసుకొనుచున్నాము. మొదటిది, విద్యార్థిని శీలాన్నీ, శ్రద్ధనూ పెదవి రంగును బట్టి గాక, హాజరునూ, మార్కులనూ, నడవడినీ బట్టి నిర్ణయించండి. ప్రయోగశాలలో ఆమ్లాల దగ్గర గాజులు తీయమనండి, ఆటస్థలంలో పొడవు గోళ్లు కత్తిరించుకొనమనండి. కారణమున్న నియమాన్ని మేము శిరసావహిస్తాము. రెండవది, సంవత్సరానికి ఒక్క పూట రసాయనశాస్త్ర విభాగంవారి చేత సౌందర్య సాధనాల డబ్బాలు చదివే పాఠం ఉర్దూలోనూ, తెలుగులోనూ చెప్పించండి. ఒక చర్మవైద్యుని కూడ ఆహ్వానించండి. అబ్బాయిలు సైతం ఆ పాఠానికి రావాలి, ఎందుకనగా తెలుపు లేపనాలు వారిలోనూ వాడుకలో ఉన్నవి. మూడవది, నాటకాలలో, వార్షికోత్సవ ప్రదర్శనలలో నల్లని పిల్లను దాసీ పాత్రకు, తెల్లని పిల్లను రాణి పాత్రకు కేటాయించే ఆచారం ఎక్కడున్నా దానికి మన వేదిక మీద చోటివ్వవద్దు.

ఇక తోటి విద్యార్థినీ విద్యార్థులకు ఒక్క మాట. బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు పసుపు, గునుగు పూల రంగులు, బంతి నారింజ అన్నీ వరుసకట్టి పెడతారు. క్రింద పరచే గుమ్మడి ఆకు పచ్చదనాన్ని తెలుపు చేయాలని ఎవరూ సున్నం పూయరు. ఆ ఆకు మీదనే ఆ పూలకు అందం. మనకు పుట్టుకతో వచ్చిన చర్మపు రంగు అటువంటిది. దానిమీద మీకు నచ్చిన రంగును నచ్చినంత అద్దుకొనండి, నచ్చకపోతే మానుకొనండి. డబ్బా వెనుక చదివిన తరువాతనే కొనండి. తెలుపు చేస్తామనే డబ్బాను మాత్రం ఇంటికి రానివ్వకండి. ఇంట్లో చెల్లెలో, అక్కో అటువంటి లేపనం రహస్యంగా వాడుచున్నట్లయితే, ఈ సంచిక ఇంటికి చేరిన రోజుననే ఆ డబ్బాను ఆమెతో కలిసి చదివి, వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లుదురని ఆశిస్తున్నాము.